పాతబస్తీ ఎత్తు: నీటి మట్టం నుంచి సైకిల్ హ్యాండిల్ దాకా

హైదరాబాద్ పాతబస్తీలో ఒక వీధి ఎంత ఎత్తులో ఉందన్న ప్రశ్నకు నీరు, దుర్భిణి, గాలి పీడనం, ఉపగ్రహం వేర్వేరు కాలాల్లో జవాబు చెప్పాయి. దుర్భిణి తప్ప మిగిలినవన్నీ ఇప్పుడు సైకిల్ హ్యాండిల్ మీద అమర్చుకునే అరచేతిలో ఇమిడే మీటరులోను, జేబులోని ఫోను యాప్‌లోను ఏదో ఒక రూపంలో కలిసిపోయి ఉన్నాయి. నయాపుల్ దగ్గర మూసీ దాటి పత్తర్‌గట్టీ, గుల్జార్‌హౌజ్, చార్మినార్, షాలిబండ, అలియాబాద్, ఇంజన్‌బౌలి మీదుగా ఫలక్‌నుమా దాకా ఒకే దారిన పక్కపక్కనే తొక్కుకుంటూ పోయిన ఇద్దరి యాప్‌లు ఎక్కిన ఎత్తును రెండు రకాలుగా చూపించడం మామూలే. ఆ తేడాను పరికరం నాణ్యతకు అంటగట్టడం సులభమే గాని, ఏ పరికరం ఏ పాత పద్ధతికి వారసురాలో, ఆ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం ఏమిటో చూస్తే అసలు కారణం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పద్ధతులన్నిటిలో నీటిది పెద్దరికం. 1591లో చార్మినార్ చుట్టూ నగరం వెలిసే నాటికే ఈ పీఠభూమిలో చెరువు వెనుక చెరువు కట్టి, పై చెరువు అలుగు నీరు కింది చెరువులోకి దిగేలా చేసే గొలుసుకట్టు విధానం స్థిరపడి ఉంది. హుస్సేన్‌సాగర్ కూడా నగరం కంటే మూడు దశాబ్దాల ముందుదే. జల్‌పల్లి వైపు నుంచి నగరానికీ, దుర్గంచెరువు నుంచి గోల్కొండకూ మట్టి గొట్టాలలో నీటిని రప్పించిన కుతుబ్‌షాహీల కాలపు పనివారికి సముద్రమట్టంతో పని లేదు. వారికి కావలసిందల్లా ఈ చోటు కంటే ఆ చోటు ఎంత దిగువన ఉందన్నది మాత్రమే. నీరు పల్లమెరుగు కాబట్టి వాలు తప్పుగా అంచనా వేస్తే కాలువ పారదు, పారకపోతే ఆ తప్పు ఆ రోజే బయటపడుతుంది. తప్పును దాచుకోవడం సాధ్యంకాని కొలత పద్ధతి ఇదొక్కటే కావచ్చు.

తెలుగు పాఠకుడికి ఎత్తు అనే భావన ఇప్పటికీ ఎక్కువగా నీటి రూపంలోనే పరిచయం. శ్రీశైలం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590 అడుగులు అన్న అంకెలు వానాకాలంలో పత్రికల మొదటి పేజీలో రోజూ కనిపిస్తాయి. అలాగే హైదరాబాద్‌లో ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు, హుస్సేన్‌సాగర్‌ది 513.41 మీటర్లు. ఇవన్నీ సముద్రమట్టం మీద లెక్కించినవే గాని, మొదటి రెండూ అడుగుల్లోను మూడోది మీటర్లలోను వాడుకలో నిలిచిపోయాయి. వాటిని ఒకే కొలతలోకి మార్చి చూస్తే ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం హుస్సేన్‌సాగర్ కంటే సుమారు 32 మీటర్లు, హిమాయత్‌సాగర్ మట్టం సుమారు 24 మీటర్లు ఎగువన ఉన్నట్టు తేలుతుంది. ఉస్మాన్‌సాగర్ ఉన్న గండిపేట వైపు తెల్లవారుజామున తొక్కే సైకిలిస్టుకు తన మీటరును సరిచూసుకోవడానికి చెరువు అంచును మించిన గురుతు నగరంలో మరొకటి దొరకడం కష్టం.

సముద్రం నుంచి లెక్క తెచ్చే సంప్రదాయం ఈ ప్రాంతానికి సర్వేయరు విలియం లాంబ్టన్‌తో వచ్చింది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద ఆధార రేఖను కొలిచి మొదలుపెట్టిన సర్వే, త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ, అంటే ఒక భుజం పొడవూ రెండు కోణాలూ తెలిస్తే మిగిలిన భుజాలను గణితంతో రాబట్టుకుంటూ, 78వ రేఖాంశం పొడవునా ఉత్తరానికి సాగి 1815లో బీదర్ చేరింది. 1818లో దానికి గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అన్న పేరు స్థిరపడింది. ఆ ఏడాది చివర హైదరాబాద్‌లో లాంబ్టన్‌ను కలిసి సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పనిచేసి జ్వరం పాలై, 1820లో ఆరోగ్యం కోసం కేప్ ఆఫ్ గుడ్ హోప్ వెళ్లవలసివచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పేరు అరువిచ్చిన మనిషి ఎత్తులు, దూరాలు కొలవడం నేర్చుకున్నది తెలంగాణ గుట్టల మీదే.

దుర్భిణితో ఎత్తు కొలిచే పద్ధతిలో ఒక గుట్ట మీద నిలబడి మరో గుట్ట శిఖరం క్షితిజానికి ఎంత పైకో కిందికో కనిపిస్తుందో చూసి, దూరంతో గుణించి, భూమి వంపుకు తగిన సవరణ చేస్తారు. కానీ కాంతి కిరణం గాలి పొరల గుండా వచ్చేటప్పుడు వంగుతుంది, ఆ వంపు తెల్లవారుజామున ఒక తీరుగా, మధ్యాహ్నం మరో తీరుగా ఉంటుంది. అందుకే నిలువు కోణాలను ఆ వంపు కాస్త స్థిమితంగా ఉండే మధ్యాహ్నం వేళల్లో చూడాలన్న నియమం సర్వేయర్లలో ఏర్పడింది. ఎత్తు కొలతలో గాలి పెట్టే పేచీ ఇక్కడ మొదలై, పరికరాలు మారినా ఈనాటికీ తెగలేదు.

గాలితో తగువు పడని దారి లెవలింగ్. నీటి బుడగతో సమంగా నిలిపిన దుర్భిణి నుంచి ముందొక కొలకర్రనూ వెనుకొక కొలకర్రనూ చదివి, ఆ రెండింటి తేడాను రాసుకుని, పరికరాన్ని ముందుకు జరుపుతూ పోయే ఈ పద్ధతిలో చూపు దూరం కొన్ని పదుల మీటర్లకు మించదు గనుక కిరణం వంగడానికి పెద్దగా తావుండదు. భారత సర్వే శాఖ 1858లో ఈ పనిని ప్రారంభించి, అర్ధ శతాబ్దం తరువాత, 1909లో, దేశం మొత్తానికీ ఒకే లెక్కను కుదిర్చింది. దానికి సున్నాగా తీసుకున్నది తొమ్మిది ఓడరేవుల సగటు సముద్రమట్టం; ఆ తొమ్మిదిలో మద్రాసు, బొంబాయి, కరాచీలతో పాటు విశాఖపట్నం కూడా ఉంది. తొమ్మిది చోట్లా సముద్రం ఒకే మట్టంలో ఉందని అప్పుడు అనుకున్నారు గాని, అది పూర్తిగా నిజం కాదని తరువాతి కొలతలు చెప్పాయి. అయినప్పటికీ రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద కనిపించే ఎత్తు మొదలుకొని చెరువు తూము పక్కన చెక్కిన గీత దాకా నగరంలోని ఎత్తులన్నీ ఈ వంశానివే. వాటితో పోల్చి చూస్తే సైకిల్ మీటరు చూపే మీటరు, రెండు మీటర్ల తేడా అనేది సర్వేయరు దృష్టిలో క్షమించరాని దోషం, ఎందుకంటే అతని లెక్కలో కిలోమీటరుకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే సహ్యం.

ఆ మిల్లీమీటర్ల అవసరం పాతబస్తీకి 1908 సెప్టెంబరు 28న అర్థమైంది. మూసీ వరదలో సుమారు పదిహేను వేల మంది చనిపోయారన్నది సాధారణంగా చెప్పే అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి కథను నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నదికి ఎగువన నీటిని ఆపే జలాశయాలను సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద తరువాతి సంవత్సరాల్లోనే లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరపాలక సర్వే ఇల్లిల్లూ, బావీ, మోరీ గుర్తించే పెద్ద పటాలను తయారు చేసింది. వరద ఏ గుమ్మం దాకా వస్తుంది, మురుగు ఏ వైపు పారుతుంది అన్న ప్రశ్నలకు జవాబు అరమీటరు తేడాలోనే ఉంటుంది. 2020 అక్టోబరు వానలకు పల్లెచెరువు కట్ట తెగి, ఫలక్‌నుమా గుట్టకు అంత చేరువలో ఉన్న అల్ జుబైల్ కాలనీ మునిగిపోవడం ఆ సంగతిని మళ్లీ రుజువు చేసింది. యాప్‌లోని ఎత్తు పటంలో గుట్టా కాలనీ ఒకే రంగులో కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఫలక్‌నుమా ప్రస్తావన వచ్చింది కనుక పర్యాటక రచనల్లో తరచు కనిపించే ఒక వాక్యాన్ని ఇక్కడే పరిశీలించడం తగును. నవాబ్ వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ మహలు నగరం మీద 2000 అడుగుల ఎత్తున ఉందని ఆ రచనలు చెబుతాయి. నగరమే సముద్రం మీద దాదాపు 1700 అడుగుల ఎత్తున ఉండగా, దానిపైన మరో 2000 అడుగుల కొండ ఉంటే అది చాలా దూరం నుంచి కూడా కనిపించాలి! సముద్రమట్టం నుంచి తీసిన లెక్కను ఎవరో నగరం నుంచి తీసిన లెక్కగా మార్చి రాసి ఉంటారు, తక్కినవారు దానిని ఎత్తి రాసుకుని ఉంటారు. ఎక్కడి నుంచి అన్నది చెప్పకుండా ఎంత అన్నది చెప్పిన ప్రతిసారీ ఈ రకం పొరపాటుకు తలుపు తెరిచినట్టే. సైకిల్ యాప్‌లలోనూ జరిగేది చాలావరకు ఇదే.

గాలి పీడనం తగ్గడాన్ని బట్టి ఎత్తు లెక్కకట్టవచ్చన్నది 1648లో ఫ్రాన్సులో పస్కాల్ తన బావ చేత పుయ్ ద దోమ్ కొండ మీదికి పాదరసపు గొట్టాన్ని మోయించి రుజువు చేసిన విషయం. హైదరాబాద్‌లో గాలి పీడనం సగటున 950 మిల్లీబార్లకు దగ్గరగా ఉంటుంది, సముద్రతీరంలో అది 1013 ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడి ఎత్తులో ఒక మిల్లీబారు తేడా సుమారు 9 మీటర్ల ఎత్తుకు సమానం. విమానాల ఎత్తుమీటర్లు పనిచేసేది ఈ సూత్రం మీదే. బేగంపేట రన్‌వే 1740 అడుగుల ప్రాంతంలోను, శంషాబాద్ రన్‌వే 2024 అడుగుల వద్దా ఉండగా, ఆనాటి పీడనాన్ని నేల మీది నుంచి పైలట్‌కు చెప్పి మీటరు తిప్పించడం దిగే ముందు తప్పనిసరి తంతు. సైకిళ్లకు ఈ పద్ధతి 1990 ప్రాంతంలో అవొసెట్ 50 వంటి అమెరికన్ మీటర్లతో పరిచయమై, 2000ల మధ్యలో వచ్చిన గార్మిన్ ఎడ్జ్ 305తో జీపీఎస్ పక్కన చేరింది. విమానానికి ఉన్నట్టు సైకిల్‌కు మాత్రం ప్రతి ఉదయం పీడనం చెప్పే కంట్రోల్ టవర్ లేదు.

ఆ లోటు ఉష్ణమండల నగరాల్లో ప్రత్యేకించి కనిపిస్తుంది. ఇక్కడ వాతావరణం నిలకడగా ఉన్న రోజున కూడా పీడనం సముద్రపు ఆటుపోట్లలాగా రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది గంటల ప్రాంతంలో అది గరిష్ఠంగాను, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో కనిష్ఠంగాను ఉంటుంది. ఐరోపాలో తుపానుల చాటున దాదాపు కనిపించకుండా పోయే ఈ లయ దక్కన్‌లో గడియారంలాగే నడుస్తుంది, ఉదయం పదికీ సాయంత్రం నాలుగుకూ నడుమ తేడా పొడి రోజుల్లో 3 నుంచి 4 మిల్లీబార్ల దాకా ఉంటుంది. అంటే చార్మినార్ కింద గోడకు ఆనించి వదిలేసిన సైకిల్ కదలకుండానే సాయంత్రానికి సుమారు 30 మీటర్లు పైకెక్కినట్టు మీటరు చూపించగలదు. హైదరాబాద్ సైకిలిస్టులు ఎండకు భయపడి ఐదింటికి బయలుదేరి తొమ్మిదింటికల్లా ఇల్లు చేరతారు గనుక వారి అనుభవం దీనికి తలకిందులుగా ఉంటుంది: పీడనం పెరుగుతూ పోయే ఆ వేళల్లో మీటరు ఎత్తు తగ్గుతోందనుకుని, తిరిగి వచ్చేసరికి ఇంటిని కొన్ని మీటర్లు, ఒక్కొక్కప్పుడు ఇరవై మీటర్ల దాకా, భూమిలోకి దించేస్తుంది. ఈదురుగాలితో ఉరుముల వాన వచ్చినప్పుడు పీడనం ఒక్కసారిగా ఎగసి, చదును రోడ్డు మీద గుంతలోకి దిగినట్టు గ్రాఫు గీస్తుంది. తడిసిన మీటరు అడుగున పీడనం లోపలికి వెళ్లే చిన్న రంధ్రం నీటితో మూసుకుపోతే ఇక చెప్పనే అక్కరలేదు.

ఉష్ణోగ్రత మరో మెలిక. పీడనాన్ని ఎత్తుగా మార్చే సూత్రం సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల వేడి ఉంటుందన్న ఒక ప్రామాణిక వాతావరణాన్ని ఊహించుకుంటుంది, ఆ ఊహ ప్రకారం హైదరాబాద్ ఎత్తులో 11, 12 డిగ్రీలు ఉండాలి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి పలచబడి ఉంటుంది కాబట్టి అదే పీడనభేదానికి నిజంగా ఎక్కవలసిన ఎత్తు పది శాతం దాకా ఎక్కువ. అందువల్ల మండుటెండలో అనంతగిరి ఎక్కినవాడికి వందకు తొంభై మీటర్ల లెక్కే దక్కుతుంది. కష్టం పెరిగిన రోజునే ఫలితం తగ్గించి చూపించడం ఈ సూత్రానికే చెల్లింది.

ఉపగ్రహాల నుంచి వచ్చే ఎత్తు మరో రకం తికమక. 2000 మే 2న అమెరికా పౌర జీపీఎస్ సంకేతాలలో ఉద్దేశపూర్వకంగా కలిపిన దోషాన్ని తీసివేసిన తరువాతనే చేతి పరికరాలు నమ్మదగ్గవయ్యాయి. కానీ ఉపగ్రహాలన్నీ తల మీదే ఉంటాయి, పాదాల కింద ఒక్కటీ ఉండదు గనుక నిలువు కొలతలో దోషం అడ్డు కొలతలో దోషం కంటే ఎప్పుడూ ఎక్కువే. లాడ్‌బజార్ పక్క గల్లీల్లో ఆకాశం సన్నని పట్టీలా మిగిలినప్పుడు సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా వచ్చి ఆ దోషాన్ని ఇంకా పెంచుతాయి. గాలి ఇక్కడా వదలదు; పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర సంకేతాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆ పొర భూమధ్యరేఖకు చేరువైన ప్రాంతాల్లో మరీ చంచలం.

వీటికంటే మౌలికమైనది సున్నా సమస్య. జీపీఎస్ భూమిని నున్నని, కాస్త నొక్కుడుపడిన గోళంగా ఊహించి దాని ఉపరితలం నుంచి ఎత్తు చెబుతుంది. నిజమైన సముద్రమట్టం గురుత్వాకర్షణను బట్టి ఆ ఊహాతలానికి కొన్నిచోట్ల పైనా కొన్నిచోట్ల కిందా ఉంటుంది, ఈ నిజతలాన్ని జియాయిడ్ అంటారు. ప్రపంచంలోకెల్లా లోతైన జియాయిడ్ పల్లం, వంద మీటర్లకు పైబడినది, శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో ఉంది, దాని వాలులోనే దక్షిణ భారతమంతా ఉంది. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉన్న అంతర్జాతీయ జీపీఎస్ కేంద్రం ఎత్తు ఆ ఊహాగోళం మీద సుమారు 441 మీటర్లే గాని, సముద్రమట్టం లెక్కన అదే నేల దాదాపు 75 మీటర్లు పైన ఉన్నట్టు. చార్మినార్ మినార్ల ఎత్తు కంటే పెద్దదైన ఈ తేడాను చాలా పరికరాలు లోపలి పట్టికతో సవరించి చూపిస్తాయి. సవరించని యాప్ చేతిలో పడితే పాతబస్తీ మొత్తం ఆ మేరకు కుంగిపోతుంది.

ఈ దోషాలను తప్పించుకోవడానికి యాప్‌లు వెతుక్కున్న దారి, పరికరం చెప్పే ఎత్తును పక్కనపెట్టి, అది ఉన్న చోటును మాత్రం తీసుకుని, ముందే తయారైన ఎత్తుల పటంలో చూసుకోవడం. ఆ పటాల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది 2000 ఫిబ్రవరిలో అమెరికన్ అంతరిక్ష నౌక పదకొండు రోజులపాటు రాడార్‌తో తీసినది. మొదట 90 మీటర్ల గళ్లలో, తరువాత 30 మీటర్ల గళ్లలో అది అందరికీ ఉచితంగా దొరికింది. అదే కాలంలో మన సర్వే శాఖ పటాల్లో చాలావాటిని అనుమతి లేకుండా కొనడానికే వీలు లేకపోవడం ఒక విచిత్రం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలతో గాని ఆ బిగింపు బాగా సడలలేదు. 2005లో పైకి వెళ్లిన కార్టోశాట్-1 చిత్రాల నుంచి బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భారతదేశానికి సొంత ఎత్తుల పటాన్ని తయారు చేసి భువన్ వేదిక ద్వారా అందించింది గాని, సైకిల్ యాప్‌ల ప్రపంచం అప్పటికే మొదటిదానికి అలవాటుపడింది.

రాడార్‌కు రోడ్డు, డాబా అన్న భేదం తెలియదు. 30 మీటర్ల గడిలో ఒక సన్నని గల్లీ, దానికి రెండు వైపులా మూడంతస్తుల ఇళ్లు, ఒక మసీదు ఆవరణ పడితే పటంలో నమోదయ్యేది వాటన్నిటి మిశ్రమం. చదునైన గల్లీలో గడి తరువాత గడి దాటుతూ వెళ్లే సైకిలిస్టు పటం ప్రకారం ఇళ్ల కప్పులెక్కి దిగుతూ వెళ్లినట్టు. ఆ పటానికి కాలం కూడా 2000 దగ్గరే ఆగిపోయింది; 2025 జనవరిలో తెరిచిన జూపార్క్–ఆరాంఘర్ ఫ్లైఓవర్ మీద పోయినా దాని కింద పోయినా అది చెప్పే ఎత్తు ఒకటే.

ఇవన్నీ ఒక చోటు ఎత్తుకు సంబంధించిన సంగతులు. సైకిలిస్టులు ఎలివేషన్ గెయిన్ అని గర్వంగా చెప్పుకునేది, అంటే దారి పొడవునా ఎక్కిన ఎత్తులన్నిటినీ కూడిన మొత్తం, ఇంతకంటే జారుడు వ్యవహారం. తీరరేఖ పొడవు కొలకర్ర ఎంత చిన్నదైతే అంత పెరుగుతుందని 1967లో మాండెల్‌బ్రాట్ చూపించినట్టే, ఎక్కిన ఎత్తు కూడా ఎన్ని సెకన్లకొకసారి కొలిచారు, ఎంత చిన్న ఎగుడును లెక్కలోకి తీసుకున్నారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. పైకి పోయిన దోషం మొత్తంలో కలుస్తుంది, కిందికి పోయిన దోషం దానిని తీసివేయదు, కాబట్టి వడపోత లేకుండా కూడితే ప్రతి వణుకూ ఒక గుట్ట అవుతుంది. 2009లో మొదలైన స్ట్రావా యాప్ ఇందుకోసం ఒక గడప పెట్టుకుంది: పీడనమాపకం ఉన్న పరికరమైతే వరుసగా 2 మీటర్లు, లేనిదైతే 10 మీటర్లు పెరిగితేనే దానిని ఎక్కినట్టు లెక్కవేస్తుంది. పాతబస్తీలాగా నదికేసి నెమ్మదిగా వాలే, మధ్యమధ్య చిన్నచిన్న ఎగుళ్లు తగిలే నేల మీద ఈ రెండు గడపల నడుమ మిగిలేది చాలా. నయాపుల్ నుంచి ఫలక్‌నుమా దాకా పక్కపక్కనే వెళ్లిన ఇద్దరికి వేర్వేరు అంకెలు రావడానికి ఈ ఒక్క నియమమే చాలు. ఆ మొత్తం ఎవరో ఒకరు నిర్ణయించిన గడపను బట్టి పుట్టిన అంకె కాబట్టి, దాన్ని కొలత అనడం కంటే తీర్పు అనడమే న్యాయం.

లెవలింగ్ చేసేవారికి ఇలాంటి సందేహానికి ఒక పాత అలవాటు ఉంది. బయలుదేరిన బెంచ్ మార్క్‌కే, అంటే ఎత్తు ముందే నిర్ణయమై రాతి మీద చెక్కిన గురుతుకే, తిరిగి వచ్చి, మొదటి ఎత్తుకూ చివరి ఎత్తుకూ ఉన్న తేడాను ముగింపు దోషంగా పుస్తకంలో రాసి, అది హద్దు దాటితే పని మొత్తం మళ్లీ చేస్తారు. ఇంటి దగ్గర మొదలై ఇంటి దగ్గరే ముగిసే సైకిల్ సవారీ కూడా అటువంటి వలయమే, ముగింపు దోషాన్ని లెక్కించడానికి కావలసిన రెండు అంకెలూ ఆ ఫైలులోనే ఉంటాయి. సవారీ ముగియగానే యాప్ తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చేది మాత్రం ఎక్కిన మొత్తమే. ఆ తేడాను చూడదలచినవారు గ్రాఫు రెండు కొనలనూ స్వయంగా వేలితో తాకి చదువుకోవలసిందే.